గూడ్సు వ్యాగన్లు ఎప్పుడు రిటైరవుతాయి? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

సామర్లకోట నుంచి తాడేపల్లిగూడెం దాకా మెయిన్ లైను పక్క ఊళ్లలోనూ, కాకినాడ పోర్టు చుట్టుపక్కలా ఉండేవాళ్లకు గూడ్సు బండి కొత్త కాదు. బియ్యం మిల్లర్లు, ఎరువుల డీలర్లు, రైళ్లంటే పిచ్చి ఉన్న కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. వరసగా చదవనక్కర్లేదు.

అసలు ఒక వ్యాగన్ ఆయుష్షు ఎంత?

రైల్వే లెక్కల్లో ప్రతి ఆస్తికీ ఒక ఆయుష్షు రాసి ఉంటుంది. దాన్ని కోడల్ లైఫ్ అంటారు. వ్యాగన్లకు అది రకాన్ని బట్టి 30 నుంచి 45 ఏళ్ల మధ్య ఉంటుంది. చాలామంది దీన్ని మందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీలా అనుకుంటారు. నిజానికి ఇది ముఖ్యంగా ఖాతా లెక్క. పాతదాని స్థానంలో కొత్తది కొనడానికి ఎప్పటికల్లా డబ్బు సిద్ధం చేసుకోవాలో చెబుతుంది. గడువుకు పదేళ్ల ముందే తుక్కు కింద పోయే వ్యాగన్లు ఉంటాయి. గడువు దగ్గరికొచ్చినా చట్రం నిటారుగా, చక్రాలు బాగా ఉన్నవీ ఉంటాయి. వయసు ఒక్కటే వ్యాగన్‌ను చంపడం అరుదు. ఏం మోసింది, ఎలా దించారు, ఎంత నీళ్లు పట్టింది, ఇప్పటి వ్యాపారానికి పనికొస్తుందా అనేవే తేలుస్తాయి.

అమెరికాలో వయసు దాటితే నడపనివ్వరట, నిజమేనా?

నిజమే. అక్కడ వ్యాగన్లు రకరకాల కంపెనీలవి, ఒకరి పట్టాల మీద ఇంకొకరివి తిరుగుతాయి. అందుకే వయసుకు గట్టి హద్దు పెట్టుకున్నారు. 1974 జూలైకి ముందు తయారైనవాటికి 40 ఏళ్లు, ఆ తర్వాతవాటికి 50 ఏళ్లు. పెద్ద ఎత్తున పునర్నిర్మాణం చేసి అనుమతి తెచ్చుకుంటే ఇంకొంత కాలం పొడిగిస్తారు. మన దగ్గర చాలా వరకు వ్యాగన్లూ, పట్టాలూ రైల్వేవే కాబట్టి పద్ధతి వేరు.

బయట నుంచి చూసి వ్యాగన్ వయసు ఎలా చెప్పాలి?

పక్కన తెల్ల రంగుతో రాసిన పదకొండు అంకెల నంబరు చూడండి. మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకం. 10 నుంచి 29 దాకా ఓపెన్ వ్యాగన్లు, అంటే బొగ్గు, ఖనిజం మోసేవి. 30ల్లో ఉంటే కప్పు ఉన్నవి, 40 నుంచి 54 దాకా ట్యాంకర్లు. తర్వాతి రెండు అంకెలు సొంతదారు జోన్. దక్షిణ మధ్య రైల్వేకి 09. ఆ తర్వాతి రెండే మీకు కావలసినవి: తయారైన సంవత్సరం. 95 అని ఉంటే 1995, 08 అని ఉంటే 2008. తర్వాత నాలుగు అంకెలు ఆ వ్యాగన్ సొంత నంబరు. చివరిది తనిఖీ అంకె.

ఈ తనిఖీ అంకె సంగతి పిల్లలకు చెబితే సరదా పడతారు. లెక్కకోసం 3109951234 అనే పది అంకెలు తీసుకుందాం. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదో స్థానాల్లోని అంకెలు కూడితే 1, 9, 5, 2, 4 కలిసి 21. దాన్ని మూడుతో గుణిస్తే 63. మిగతా స్థానాల్లోని 3, 0, 9, 1, 3 కలిపితే 16. మొత్తం 79. దాని పైన వచ్చే పదుల సంఖ్య 80. తేడా 1. కాబట్టి పూర్తి నంబరు 31099512341. వర్షంలో తడుస్తూ నంబర్లు రాసుకునే యార్డు సిబ్బంది ఒక అంకె తప్పు రాసినా కంప్యూటర్ పట్టేసుకోవడానికి ఈ ఏర్పాటు.

రైల్వే గేటు పడి పది నిమిషాలు ఆగాల్సి వచ్చినప్పుడు ఇంతకన్నా మంచి కాలక్షేపం నాకు తెలీదు.

జోన్ పేరు ఎక్కడిదో ఉంటుంది. మరి మన డెల్టాలో ఎందుకు తిరుగుతోంది?

వ్యాగన్లు దేశమంతా ఉమ్మడి. ఈ నెల కాకినాడ పోర్టు నుంచి బొగ్గు ఎత్తిన ర్యాక్ (ఒక బండికి సరిపడా వ్యాగన్ల వరస) వచ్చే నెల ఒడిశాలో ఉండొచ్చు. అందుకే 'ఇది మన వ్యాగన్' అనడానికి లేదు. కంపెనీలు సొంతంగా పెట్టుబడి పెట్టిన వ్యాగన్లు వేరు. 1992లో ఓన్ యువర్ వ్యాగన్ పథకంతో మొదలై, 2018 నాటి సాధారణ వ్యాగన్ల పెట్టుబడి పథకం దాకా ఇలాంటివి చాలా వచ్చాయి.

నంబరు కాక ఇంకా ఏవో తేదీలు రాసి ఉంటాయి. అవేంటి?

చివరిసారి వర్క్‌షాపులో పూర్తి మరమ్మతు ఎప్పుడు, ఎక్కడ జరిగింది, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి అన్నవి. పూర్తి మరమ్మతును పీఓహెచ్ అంటారు. మధ్యలో డిపోలో చేసే చిన్న మరమ్మతు ఆర్ఓహెచ్. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ కొత్తగా వచ్చాక ఆరేళ్లకు మొదటి పీఓహెచ్‌కి, ఆ తర్వాత నాలుగున్నరేళ్లకోసారి వెళ్తుంది. ఆర్ఓహెచ్ పద్దెనిమిది నెలలకు. బియ్యం, ఎరువులు మోసే కప్పు ఉన్న బీసీఎన్ వ్యాగన్‌కు ఆరేళ్లకోసారి పీఓహెచ్, రెండేళ్లకు ఆర్ఓహెచ్. ఈ తేడాలోనే అసలు విషయం ఉంది. బొగ్గు మోసేది ఎక్కువ దెబ్బలు తింటుంది కాబట్టి దానికి వైద్యం త్వరగా కావాలి.

మనకు దగ్గరగా విజయవాడ పక్కన రాయనపాడులో వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. విశాఖ వైపు వడ్లపూడిలో ఇంకొకటి.

సముద్రపు గాలికి మన వైపు వ్యాగన్లు త్వరగా తుప్పు పడతాయా?

ఉప్పుగాలి తుప్పును పెంచుతుంది, సందేహం లేదు. కానీ వ్యాగన్ ఒకచోట నిలబడి ఉండదు, ఇక్కడి గాలికి ఉండేది కొద్ది రోజులే. దానికన్నా లోపల వేసే సరుకే ఎక్కువ తింటుంది.

కాకినాడ చుట్టుపక్కల నుంచి ఎక్కే సరుకులు చూడండి. పొటాష్ ఎరువులో క్లోరైడ్ ఉంటుంది. అది తేమతో కలిసి నేలపలకల అతుకుల్లోకి దిగితే పెయింటును కింద నుంచి లేపేస్తుంది. యూరియాకు గాల్లో తేమ లాగే గుణం ఉంది. చిరిగిన బస్తాలోంచి కారిన పొడి మూలల్లో చేరి ముద్దకడుతుంది, ఊడ్చేవాడి చీపురు అక్కడికి వెళ్లదు. తడి బొగ్గులో ఉండే గంధకం నీళ్లతో కలిసి ఆమ్లమై నేలను తినేస్తుంది. పోర్టులో తెరిచి పోసిన గుట్ట మీద వాన కురిశాక ఎత్తిన బొగ్గు అలాంటిదే.

బయట రంగు నిగనిగలాడుతున్న వ్యాగన్ లోపల నేల జల్లెడలా ఉండటం ఇందువల్లే. తనిఖీ చేసేవాళ్లు ముందు చూసేది కూడా నేలపలక, పక్క పలక కలిసే చోటు, తలుపు గడప, చట్రం కింది భాగం.

తుప్పు ఒక్కటే కాదు, దించే పద్ధతి కూడా ఉంది. పొక్లెయిన్ బకెట్‌తో బొగ్గు తోడేటప్పుడు పక్క పలకలకు తగిలే దెబ్బలకు పలక ఉబ్బుతుంది, అతుకు తెరుచుకుంటుంది, అక్కడ నీళ్లు నిలుస్తాయి. మా అభిప్రాయం అడిగితే, ఓపెన్ వ్యాగన్ల ఆయుష్షును ఉప్పుగాలి కన్నా ఈ బకెట్లే ఎక్కువ తగ్గిస్తాయి.

దీనికి రైల్వే కనిపెట్టిన మందు స్టెయిన్‌లెస్ స్టీలు. కొత్త తరం బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ వ్యాగన్ల పెట్టె దాంతోనే కడతారు. పాత బాక్స్‌ఎన్ల చక్రాలు, బోగీలు (చక్రాల జతలను పట్టి ఉంచే కింది భాగాలు) బాగుండి పెట్టె మాత్రం పాడైతే, పెట్టె కోసేసి కొత్తది కట్టే పద్ధతీ ఉంది. అలా పునర్జన్మ ఎత్తినవాటి పేరు చివర 'ఆర్' చేరి బాక్స్‌ఎన్‌ఆర్ అవుతుంది.

వానాకాలంలో బియ్యం బస్తాలు తడిసి దిగుతున్నాయి. పాత వ్యాగన్ ఇవ్వడం వల్లేనా?

తరచుగా అవును, ప్రతిసారీ కాదు. కప్పు ఉన్న వ్యాగన్లో నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: కప్పు అతుకుల నుంచి, తుప్పు పట్టిన పక్క పలకల నుంచి, తలుపు సరిగ్గా కూర్చోని సందు నుంచి. మూడోది కొత్త వ్యాగన్లోనూ జరగొచ్చు. తలుపును గునపంతో లేపి, సుత్తితో మూస్తే అది వంకరపోతుంది.

దీనికి పాత, నమ్మకమైన పరీక్ష ఒకటుంది. బస్తాలు ఎత్తే ముందు పగటి పూట ఒక మనిషి లోపలికి వెళ్లాలి, తలుపులు మూసేయాలి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎక్కడెక్కడ వెలుతురు చుక్కలు కనిపిస్తాయో అక్కడ నీళ్లు వస్తాయి. ముఠా మేస్త్రీకి ఈ సంగతి మనం చెప్పక్కర్లేదు, కానీ ర్యాక్ వచ్చాక లోడింగ్ గడువు గంటల్లో ఉంటుంది, డెమరేజ్ (ఆలస్యానికి పడే రుసుము) టెన్షన్‌లో ఎవరూ ఆగరు. ఆ అరగంట ఆగండి. చిల్లులున్న వ్యాగన్ ఏదైనా ఉంటే లోడింగ్ మొదలుపెట్టక ముందే గూడ్స్ సూపర్‌వైజర్‌కి కాగితం మీద రాసివ్వండి, నంబరుతో సహా. ఎత్తేశాక నోటిమాటగా చెబితే ఎవరి చెవికీ ఎక్కదు.

సరుకు పాడైతే పరిహారం అడగాలంటే, సరుకు రైల్వేకి అప్పగించిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు నోటీసు ఇవ్వాలని 1989 రైల్వే చట్టంలోని 106వ సెక్షన్ చెబుతోంది. మీరు ఓనర్స్ రిస్క్ రేటు (నష్టం వస్తే బాధ్యత సరుకు యజమానిదే అనే షరతు గల రేటు) మీద బుక్ చేసి ఉంటే, రైల్వే నిర్లక్ష్యం వల్లే పోయిందని మీరే రుజువు చేయాలి. అక్కడే పైన చెప్పిన కాగితం పనికొస్తుంది.

రాత్రిళ్లు మా ఇంటి వెనక పోయే గూడ్సులో ఒక పెట్టె 'టక్ టక్' మంటూ పోతుంది. అది పాతదా?

కాకపోవచ్చు. చక్రం మీద ఒక చోట చదునుగా అరిగితే ప్రతి చుట్టుకూ ఆ దెబ్బ వినిపిస్తుంది. బ్రేకు విడవకుండా పట్టేసినప్పుడు, లేదా హ్యాండ్‌బ్రేకు తీయడం మరిచిపోయి లాగినప్పుడు చక్రం తిరగకుండా పట్టా మీద జారుతుంది, అక్కడ అరుగుతుంది. మొన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వ్యాగన్‌కైనా ఇది జరుగుతుంది. గూడ్సుకు ఆ చదును 60 మిల్లీమీటర్లు దాటితే వ్యాగన్‌ను బండి నుంచి తీసి పక్కన పెట్టాలి.

వయసు చక్రంలో వేరేలా కనిపిస్తుంది. ఇప్పటి వ్యాగన్ల కొత్త చక్రం వ్యాసం 1000 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా లేత్ మీద తిప్పి ఆకారం సరిచేస్తారు, ప్రతిసారీ కొంత లోహం పోతుంది. 906 మిల్లీమీటర్లకు వచ్చాక ఇక ఆ చక్రం పని అయిపోయినట్టే. పట్టా లోపలి వైపు ఒరిగి ఉండే అంచు, ఫ్లాంజ్, 16 మిల్లీమీటర్ల కన్నా సన్నబడినా అంతే. చక్రం పోయిందని వ్యాగన్ పోదు, కొత్త చక్రాలు బిగిస్తారు. వ్యాగన్ జీవితంలో చక్రాలు, బేరింగులు, బ్రేకు బ్లాకులు, పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కప్లింగు భాగాలు ఎన్నోసార్లు మారతాయి. మారనిది చట్రం. దాని కథ ముగిస్తేనే వ్యాగన్ కథ ముగిసినట్టు.

యాక్సిల్ పెట్టె వేడెక్కి పొగ రావడం పూర్వం తరచుగా ఉండేదట?

ఉండేది. పాత వ్యాగన్లలో ఇరుసు చివర లోహపు దిమ్మ మీద నూనె పొరతో తిరిగేది. నూనె తడిపిన పత్తి పీచు పెట్టెలో కుక్కేవారు. పీచు ఎండినా, నూనెలో నీళ్లు కలిసినా వేడెక్కేది. స్టేషన్లో బండి ఆగగానే సిబ్బంది చేత్తో పెట్టె ముట్టుకుని చూసేవారు. రోలర్ బేరింగులు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. ఇప్పుడు దూరం నుంచే వేడి కొలిచే థర్మామీటర్లు ఉన్నాయి.

చిన్నప్పుడు పాలకొల్లు, అత్తిలి స్టేషన్లలో నాలుగు చక్రాల చిన్న పెట్టెలు ఉండేవి. అవేమయ్యాయి? అన్నీ పాతబడిపోయాయా?

పాతబడి కాదు, పని పోయి వెళ్లిపోయాయి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

ఆ చిన్న కప్పు పెట్టెలో సుమారు 22 టన్నులు పట్టేది. ఒక మధ్యతరగతి వ్యాపారి కొబ్బరికాయలో, బెల్లమో, బియ్యమో ఒక్క పెట్టెడు బుక్ చేసుకోవచ్చు. దాన్ని లోకల్ గూడ్సు వచ్చి తగిలించుకుని నిడదవోలు లాంటి జంక్షన్‌కు తీసుకెళ్లేది. అక్కడ దారిని బట్టి విడదీసి వేరే బండికి కలిపేవారు. ప్రతి స్టేషన్లో ఒక గూడ్స్ షెడ్డు, ఒక సైడింగు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టా), నలుగురు హమాలీలు, దాని చుట్టూ ఒక చిన్న బజారు.

1980ల నుంచి రైల్వే ఆలోచన మారింది. మొత్తం ర్యాక్‌ను ఒక చోట నింపి, మధ్యలో విప్పకుండా, ఒకే చోట దించాలన్నది కొత్త పద్ధతి. రైల్వే వైపు నుంచి చూస్తే అది తప్పు కాదు: దారిలో యార్డుల్లో వారాల తరబడి నిలిచిపోయే వ్యాగన్ తిరిగి ఆదాయం తెచ్చేది ఎప్పుడు? కానీ ఒక్క పెట్టె సరుకు ఉన్నవాడికి రైలు తలుపు మూసుకుపోయింది. వాళ్లు లారీలకు మళ్లారు. షెడ్లు ఒకటొకటిగా మూతపడ్డాయి, వ్యాపారం తాడేపల్లిగూడెం లాంటి పెద్ద చోట్లకు చేరింది.

నాలుగు చక్రాల పెట్టెకు ఇంకా ఇబ్బందులున్నాయి. దాని వ్యాక్యూమ్ బ్రేకులు కొత్త ఎయిర్ బ్రేకు వ్యాగన్లతో కలవవు. స్క్రూ కప్లింగు తగిలించాలంటే రెండు పెట్టెల మధ్య మనిషి దూరాలి. ఖాళీగా వేగంగా పోతే పట్టాలు తప్పే అవకాశం ఎక్కువ. ఇంకా పదేళ్లు తిరగగల చట్రాలున్నవి కూడా ఈ కారణాలతో తుక్కుకు వెళ్లాయి. డెల్టాలో వ్యాగన్ల రిటైర్మెంట్ గురించి మాట్లాడేవాళ్లు తుప్పు గురించే మాట్లాడతారు. పెద్ద సంహారం జరిగింది మాత్రం బుకింగ్ నియమాలు మారినందుకు.

ఇదే కథ ఇప్పుడు బీసీఎన్ తరానికి నడుస్తోంది. పాత బీసీఎన్‌ఏ ఖాళీ బరువు 24.5 టన్నులు. కొత్త బీసీఎన్‌హెచ్‌ఎల్ ఖాళీగా 20.8 టన్నులే, పైగా 70 టన్నుల దాకా మోస్తుంది, పొట్టిగా ఉంటుంది కాబట్టి ఒక ర్యాక్‌లో 58 పడతాయి. పాతవి నలభై ఒకటో రెండో మాత్రమే. ఒక్కో వ్యాగన్‌తో దాదాపు నాలుగు టన్నుల ఇనుము ఊరికే లాక్కెళ్లడం ఎందుకన్న ప్రశ్న వచ్చాక, పాతది ఎంత బాగున్నా లెక్కలో ఓడిపోతుంది.

పాత వ్యాగన్లు గోదావరి వంతెన దాటడం ప్రమాదమా?

వంతెనకు ముఖ్యమైన లెక్క ఇరుసు మీద పడే బరువు. అలా చూస్తే పాతవే తేలిక. నాలుగు చక్రాల పెట్టె నిండితే మొత్తం సుమారు 32 టన్నులు, ఇరుసుకు 16. బాక్స్‌ఎన్‌కు ఇరుసుకు 20.3 టన్నులు, బీసీఎన్‌హెచ్‌ఎల్‌కు 22.9. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 1997లో పని చాలించింది. ఇప్పటి బరువులన్నీ 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, ఆర్చ్ వంతెన మోస్తున్నాయి.

సైడింగులో నెలల తరబడి కదలని వ్యాగన్లు రిటైరైనవేనా?

అన్నీ కావు. మరమ్మతుకు ఎదురుచూసేవి కావచ్చు, లోడు లేక ఆపిన ర్యాక్ కావచ్చు, స్టోరు గదిగా వాడుతున్నవి కావచ్చు. కండెమ్ చేసినదైతే, అంటే ఇక పనికిరాదని తేల్చినదైతే, దాని మీద రాసి ఉంటుంది.

రిటైరైపోయిందనుకున్నది తిరిగి రావడం వ్యాగన్లకన్నా మార్గాలకే జరిగింది మన దగ్గర. కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేసి పట్టుకుపోయారు. మళ్లీ రైలు నడిచింది 2004లో.

కండెమ్ చేయాలని ఎవరు తేలుస్తారు?

ముందు రైలు తనిఖీ సిబ్బంది లోపం పట్టి 'సిక్' అని గుర్తు పెడతారు. వ్యాగన్ సిక్ లైనుకు, అంటే మరమ్మతు పట్టాకు వెళ్తుంది. అక్కడ కాకపోతే వర్క్‌షాపుకు. చట్రం వంగిందా, పగుళ్లున్నాయా, తుప్పు ఎంత తిన్నది, బాగుచేసే ఖర్చు మిగిలిన ఆయుష్షుకు తగునా అని చూసి, అధికారం ఉన్న ఆఫీసరు సంతకం పెడితే కండెమ్ అవుతుంది. ప్రమాదంలో నలిగినవాటికి ఈ చర్చ పెద్దగా ఉండదు. తర్వాత సరుకు రవాణా కంప్యూటర్ వ్యవస్థ ఎఫ్‌ఓఐఎస్ లెక్కల్లోంచి ఆ నంబరు తీసేస్తారు.

తర్వాత ఆ ఇనుము ఏమవుతుంది?

పనికొచ్చే చక్రాలు, బేరింగులు, కప్లర్లు, బ్రేకు భాగాలు ముందు విప్పుకుంటారు. ఇరుసుల్లో పగుళ్లు ఉన్నాయేమో అల్ట్రాసోనిక్ పరీక్ష చేసి, బాగున్నవి వాడతారు. మిగిలినది లాట్లుగా ఈ-వేలానికి వస్తుంది. కొన్నవాళ్లు రైల్వే మనుషుల ఎదుట తూకం వేయించుకుని తీసుకెళ్తారు. చివరికి అది కరిగి కడ్డీలో, ఇనుప యాంగిల్సో అవుతుంది.

నేనొకటి కొని చెరువు గట్టు మీద మేత గదిగా పెట్టుకోవచ్చా?

భీమవరం వైపు నుంచి ఈ ప్రశ్న ఎంత తరచుగా వస్తుందో చెప్పలేం. సూటిగా చెప్పాలంటే, వద్దు.

కొనడానికి రైల్వే ఈ-వేలం వెబ్‌సైటు ఐఆర్‌ఈపీఎస్‌లో నమోదు, డిజిటల్ సంతకం, ముందస్తు డిపాజిట్ కావాలి. లాట్లు తుక్కు వ్యాపారుల స్థాయిలో ఉంటాయి, ఒక్కటి ఏరుకోవడం కుదరకపోవచ్చు. అది దాటినా, బోగీలు తీసేసిన పెట్టె కూడా పది టన్నుల పైనే తూగుతుంది. దాన్ని ఎత్తే క్రేను చెరువు గట్టు మెత్తటి ఒండ్రు మట్టిలో దిగబడుతుంది, గట్టు తెగితే పంట పోతుంది. పైగా ఏళ్ల తరబడి ఎరువులు మోసిన నేలపలక మీద రొయ్యల మేత పెట్టడం తెలివైన పని కాదు. దానికి బదులు పాత షిప్పింగ్ కంటైనర్ చూసుకోండి. ఇరవై అడుగులది ఖాళీగా రెండు టన్నుల పైచిలుకే ఉంటుంది, లారీ మీద వస్తుంది.

గార్డు డబ్బా కూడా పోతోందా?

పోతోంది, మెల్లగా. 2022 నుంచి గార్డు హోదా పేరు ట్రైన్ మేనేజర్ అయింది. బండి చివర పెట్టెలో మనిషి చేసే పనిని, అంటే చివరి వ్యాగన్ దాకా బ్రేకు గాలి అందుతోందా, బండి తెగిపోలేదా అని చూడటాన్ని, చివర తగిలించే చిన్న యంత్రంతో చేయించే ఏర్పాటు మొదలైంది. ఆ ఊగే డబ్బాలో రాత్రంతా దోమల మధ్య కూర్చున్నవాళ్లెవరూ దాని కోసం బెంగపడగా మేం వినలేదు.